బైపాస్ అడుగుదాం, కానీ లెక్కతో అడుగుదాం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ట్రాఫిక్ తగ్గాలంటే బైపాస్ కావాలి, దానికి నిధులు ఇవ్వండి అని ఢిల్లీకి పోయే వినతిపత్రాల్లో ఈ మూడు పేర్లూ ఒకే వరుసలో ఎందుకు వస్తాయో ఎప్పుడైనా ఆలోచించారా? కారణం చాలా సింపుల్. ఈ మూడు ఊర్లనూ గుచ్చిన దారం ఒక్కటే. ఉరవకొండ దగ్గర మొదలై అనంతపురం, కదిరి, ములకలచెరువు మీదుగా మదనపల్లెకు వచ్చి, అక్కడ నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం దాటి తమిళనాడులో కృష్ణగిరి చేరే 42వ నంబరు జాతీయ రహదారి. 2010లో దేశమంతా రోడ్ల నంబర్లు మార్చకముందు మదనపల్లె నుంచి కృష్ణగిరి దాకా దీని నంబరు 219. మన పక్క పెద్దోళ్ళు కొందరు ఇప్పటికీ ఆ పాత నంబరుతోనే చెప్తారు.

ఈ రోడ్డు మీద మన టమోటా పోతుంది, పాలు పోతాయి, పట్టుగూళ్ళు పోతాయి, కుప్పం గ్రానైటు పోతుంది. ఎక్కడో కర్నూలు పక్క నుంచి కృష్ణగిరి, సేలం పోయే లారీ కూడా మన బజార్లోంచే పోతుంది. ఆ లారీకి మన ఊర్లో పనేం లేదు. మనకు దానితో పనేం లేదు. కానీ ఇద్దరం ఒకే సర్కిల్లో హారన్ కొట్టుకుంటా నిలబడతాం.

అందుకే బైపాస్ కావాలి. అందులో నాకు అనుమానం లేదు. అయితే ఈ పోస్టు రాసేది ఇంకో మాట చెప్పడానికి. బైపాస్ నిధులు అనగానే మనం చేతులు కట్టుకుని నిలబడి, "దయచేసి మంజూరు చేయండి" అని అడుగుతాం. ఈ రోడ్డు చరిత్ర చదివితే అట్ల అడగాల్సిన పని లేదని తెలుస్తుంది. రోడ్డు డబ్బు నూట యాభై ఏళ్ళుగా రైతు దగ్గర నుంచే పోతా ఉంది. కాబట్టి అడగాల్సింది దయ కాదు, లెక్క. కొంచెం ఓపిగ్గా చదవండి.

సైన్యం నడిచిన దారి

మన పక్క పెద్ద రోడ్లు మొదట రైతు కోసం పడినవి కాదు. 1791 ఫిబ్రవరిలో టిప్పు సుల్తాను మీదికి పోయిన కార్న్‌వాలిస్ సైన్యం ఆంబూరు పక్క కనుమల్లోకి పోతున్నట్టు నమ్మించి, మన మొగిలి కనుమ ఎక్కి పలమనేరు పీఠభూమి మీదికి వచ్చింది. అక్కడ నుంచి ముళబాగిలు, కోలారు, బెంగళూరు. ఎద్దులు, ఫిరంగులు, వేల మంది సైనికులు నడవగలిగిన దారి అంటే అది అప్పటికే బాగా వాడకంలో ఉన్న దారి అని అర్థం. ఇది తూర్పు నుంచి పడమరకు పోయే దారి.

ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే మదనపల్లె నుంచి కుప్పానికి పోయే దారి కథ వేరు. మదనపల్లె 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లోది, కడప జిల్లా కింద ఉండేది. పలమనేరు, పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. ఒక ఊరి కలెక్టరు కడపలో ఉంటే ఇంకో ఊరి కలెక్టరు చిత్తూరులో. ఈ ఊర్లన్నీ ఒక గొడుగు కిందికి వచ్చింది 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు. 2022 ఏప్రిల్లో మళ్ళీ విడిపోయాయి, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా బండి బాట మాత్రం మారలేదు. సంతకు పోయే రైతు ఏ కలెక్టరు కింద ఉన్నాడో చూసుకుని నడవడు కదా.

రోడ్డు సెస్సు ఎవరు కట్టారు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చింది. భూమి శిస్తు మీద అదనంగా సెస్సు వేసి, ఆ డబ్బుతో రోడ్లు, బడులు, సత్రాలు చూసుకోమన్నారు. దారుల మీద టోల్‌గేట్లు పెట్టే అధికారం కూడా ఇచ్చారు. అంటే వాన పడినా పడకపోయినా శిస్తు కట్టిన రైతే, దాని మీద రోడ్డు సెస్సు కూడా కట్టాడు. ఎద్దుల బండి తోలుకుని పోతే గేటు దగ్గర మళ్ళీ కట్టాడు.

తర్వాత మోటారు బండ్లు వచ్చాయి. 1927లో ఎం.ఆర్.జయకర్ అధ్యక్షతన రోడ్ల మీద ఒక కమిటీ వేశారు. దాని సిఫారసుతో 1929లో పెట్రోలు గ్యాలన్ మీద సుంకాన్ని నాలుగణాల నుంచి ఆరణాలకు పెంచి, ఆ అదనపు రెండణాలను రోడ్డు నిధిలో వేశారు. రోడ్డు వాడేవాళ్ళే రోడ్డుకు కట్టాలి అనే సూత్రం మన దేశంలో అప్పుడు స్థిరపడింది.

2000లో కేంద్ర రోడ్డు నిధి చట్టం వచ్చింది. అంతకు ముందే పెట్రోలు మీద, డీజిలు మీద లీటరుకు రూపాయి చొప్పున సెస్సు మొదలైంది. డీజిలు సెస్సులో సగం పల్లె రోడ్లకు అని ఆ చట్టంలో పెట్టారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద మన ఊర్లకు తారు రోడ్డు పడింది అట్లే. 2018 బడ్జెట్లో ఈ సెస్సు పేరు మార్చి, రోడ్డు మరియు మౌలిక సదుపాయాల సెస్సు అని, పెట్రోలు, డీజిలు మీద లీటరుకు 8 రూపాయలు చేశారు. తర్వాత అది పెరిగింది, తగ్గింది, అది వేరే కథ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ ట్రాక్టరు డీజిలు ఎక్కడ కాలుతుంది? ముక్కాలు భాగం చేన్లో కాలుతుంది. దుక్కి దున్నేటప్పుడు, రొటవేటరు తిప్పేటప్పుడు, కరెంటు లేనప్పుడు ఇంజన్ పెట్టి నీళ్ళు తోడేటప్పుడు. ఆ డీజిలు ఒక్క అడుగు తారు రోడ్డు కూడా తొక్కదు. అయినా ప్రతి లీటరు మీదా రోడ్డు సెస్సు పోతుంది. లారీ ఓనరు కట్టేది అతను తిరిగే రోడ్డుకు. మనం కట్టేది మనం తిరగని రోడ్డుకు కూడా. అందుకే బైపాస్ నిధులు అడిగేటప్పుడు రైతు గొంతు తగ్గించాల్సిన పని లేదంటున్నా.

రైలు ఊరిని దాటిపోయింది

బైపాస్ అనే మాట మనకు ఈ మధ్య తెలిసింది గానీ, మదనపల్లెను మొదట బైపాస్ చేసింది రోడ్డు కాదు, రైలు. 1890ల మొదట్లో పాకాల నుంచి ధర్మవరానికి మీటరు గేజి లైను పడింది. పీలేరు మీదుగా వచ్చిన ఆ లైను మదనపల్లె ఊర్లోకి రాలేదు. ఊరికి దూరంగా చిన్న తిప్పసముద్రం దగ్గర స్టేషన్ కట్టి "మదనపల్లె రోడ్" అని పేరు పెట్టారు. స్టేషన్ పేరులో "రోడ్" అని ఉందంటే, ఊరు ఇక్కడ లేదు, ఇక్కడ దిగి రోడ్డు పట్టుకుని పోవాలి అని అర్థం. సిటిఎం రోడ్డు అని మనం పిలిచే దారికి అంత ప్రాముఖ్యం వచ్చింది కూడా అందుకే.

పుంగనూరుకు ఆ మాత్రం రైలు కూడా లేదు. కుప్పం ఒక్కటే అదృష్టవంతురాలు. బెంగళూరు నుంచి జోలార్‌పేటకు 1864లో పడిన లైను కుప్పం మీదుగానే పోతుంది.

దీని ఫలితం ఏమైంది? మదనపల్లె, పుంగనూరు బరువంతా రోడ్డు మీదే పడింది. సరుకు రోడ్డు మీదే, మనిషి రోడ్డు మీదే, రోగి రోడ్డు మీదే. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి మద్రాసు నుంచి వచ్చినోళ్ళయినా, బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు చదువుకోను వచ్చినోళ్ళయినా చివరి మైళ్ళు రోడ్డు మీదే వచ్చారు. రోడ్డు ఎక్కడ ఉంటే అంగడి అక్కడ, అంగడి ఎక్కడ ఉంటే ఇల్లు అక్కడ. ఊరు రోడ్డును వాటేసుకుని పెరిగింది. ఊరి మధ్యలోకి రోడ్డు రాలేదు, రోడ్డు చుట్టూ ఊరు వచ్చింది. ఇప్పుడు ట్రాఫిక్ జామ్ అని మనం తిట్టుకునేది ఆ పెరుగుదలనే.

బైపాస్‌తో తగ్గేది ఎంత, తగ్గనిది ఎంత?

ఇక్కడ నిజం మాట్లాడుకుందాం. బైపాస్ వస్తే తగ్గేది ఊరితో పని లేకుండా దాటిపోయే బండ్లు. ఊర్లోకే వచ్చే బండ్లు తగ్గవు.

మదనపల్లె నీరుగట్టువారిపల్లె టమోటా మార్కెట్ దేశంలో పెద్ద మార్కెట్లలో ఒకటి. 2023 జులై చివర్లో కిలో రెండు వందల దగ్గరికి పోయినప్పుడు దేశమంతా టీవీల్లో చూసింది ఈ మార్కెట్నే. అక్కడికి చుట్టుపక్కల మండలాల నుంచి ఆటోలు, మినీ లారీలు, ట్రాక్టర్లు క్రేట్లతో వస్తాయి. అక్కడ నుంచి పెద్ద లారీలు వేరే రాష్ట్రాలకు పోతాయి. ఇవన్నీ ఊర్లో పని ఉన్న బండ్లు. ఎంత మంచి బైపాస్ వేసినా, దాని నుంచి మార్కెట్‌కు నేరుగా దారి లేకపోతే ఈ బండ్లన్నీ మళ్ళీ పాత సర్కిళ్ళ మీదుగానే రావాలి. వేలం టైముకు రాని సరుకు ధర ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కుప్పంలో గ్రానైటు లారీలదీ అదే లెక్క. క్వారీ నుంచి బైపాస్ ఎక్కే దారి ఊరి బయటే ఉండాలి. లేకపోతే రాయి మోసే బండి బడి ముందు నుంచే పోతుంది.

పైగా బండ్లు పెరిగేవే గానీ తగ్గేవి కావు. మదనపల్లె–పీలేరు 56 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డును 2025 ఆగస్టులో ప్రారంభించారు. 2022 మేలో శంకుస్థాపన జరిగిన బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే, మొత్తం 262 కిలోమీటర్లు, మన పలమనేరు పక్క నుంచే పోతుంది. పెద్ద కాలవలో నీళ్ళు వదిలితే పిల్ల కాలవలోకి ఎంతో కొంత వస్తాయి. ఊరి మధ్య రోడ్డు మాత్రం అంతే వెడల్పు ఉంటుంది.

ఇంగ్లండు వాళ్ళ పాఠం

ఇంకో ప్రమాదం ఉంది. దీన్ని మనకంటే ముందు ఇంగ్లండు చూసింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ ఊర్ల చుట్టూ బైపాస్‌లు వేశారు. 1927లో లండన్ దగ్గర కింగ్‌స్టన్ బైపాస్ తెరిచారు. రోడ్డు తెరిచిందే ఆలస్యం, రెండు వైపులా ఇళ్ళు, అంగళ్ళు, పెట్రోలు బంకులు రిబ్బను లాగా పరుచుకున్నాయి. ట్రాఫిక్ తప్పించడానికి వేసిన రోడ్డే మళ్ళీ బజారు అయింది. చివరికి 1935లో రోడ్ల పక్కన ఇట్ల కట్టడాలు పెరగకుండా పార్లమెంటు ఒక చట్టమే చేయాల్సి వచ్చింది.

మన దగ్గర ఇది కొత్తేం కాదు. ఏ టౌనుకు పోయినా "పాత బైపాస్" అని ఒక రోడ్డు ఉంటుంది. దాని మీద కల్యాణ మండపాలు, షోరూములు, టిఫిన్ సెంటర్లు. అందరూ అక్కడే బండి ఆపుతారు. అప్పుడు ఇంకో కొత్త బైపాస్ కావాలంటారు. దానికి మళ్ళీ భూమి కావాలి. ఆ భూమి ఎవరిది? మళ్ళీ రైతుదే.

దీన్ని ఆపే చట్టం మన దగ్గరా ఉంది. జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం, 2002. అనుమతి లేకుండా రహదారిలోకి దారి తెరవకూడదని అందులో ఉంది. అమలు ఎట్ల ఉందో మీరే చూస్తున్నారు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు ఇంకా వేగంగా ఉందంటే, ఎక్కే చోటు, దిగే చోటు ముందే నిర్ణయించి, మిగతా అంతా కంచె వేసి, పక్కన సర్వీసు రోడ్డు ఇచ్చారు కాబట్టి. బైపాస్ అడిగేటప్పుడే సర్వీసు రోడ్డు కూడా అడగాలి. లేకపోతే ఇంకో ఇరవై ఏళ్ళకు మన పిల్లోళ్ళు మళ్ళీ ఇదే పోస్టు రాసుకోవాలి.

భూమి పోయేవాడి లెక్క

బైపాస్ గీత ఎప్పుడూ ఊరి అంచు మీదే పడుతుంది. ఊరి అంచున ఏముంటుంది? చెరువు కింద కయ్యలు, బోరు ఉన్న టమోటా తోటలు, మామిడి తోపులు. ఊరంతటికీ సుఖం, పది ఇరవై కుటుంబాలకు కష్టం. ఆ కుటుంబాల లెక్క సరిగ్గా తేలకపోతే కోర్టు కేసులు పడతాయి, రోడ్డు మధ్యలో ఆగుతుంది, నిధులు వచ్చినా ఖర్చు కావు. కాబట్టి ఈ లెక్క భూమి పోయేవాడికే కాదు, ఊరికీ ముఖ్యమే.

కొన్ని విషయాలు గుర్తు పెట్టుకోండి. జాతీయ రహదారికి భూమి తీసుకునేది 1956 జాతీయ రహదారుల చట్టం కింద. ముందు 3ఏ నోటిఫికేషన్ వస్తుంది. రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి తెలుగు పేపరు. నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపే అభ్యంతరం రాసి ఇవ్వాలి. 22వ రోజు పోతే వినే బాధ్యత వాళ్ళకు లేదు. తర్వాత 3డి ప్రకటన వస్తే భూమి కేంద్రం పేరు మీదికి పోయినట్టే. 3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డి రాకపోతే ఆ నోటిఫికేషన్ చెల్లదు.

పరిహారం మాత్రం 2015 నుంచి 2013 భూసేకరణ చట్టం లెక్కలోనే కట్టాలి. మార్కెట్ విలువ, దాన్ని పల్లె భూమికి ఒకటి నుంచి రెండు మధ్యలో రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి, చెట్లు, బావి, బోరు విలువ కలపాలి, మొత్తం మీద నూటికి నూరు శాతం సొలేషియం. మార్కెట్ విలువ ఎట్ల తేలుస్తారు? ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ ఒకటి. చుట్టుపక్కల మూడేళ్ళలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సరాసరి ఇంకొకటి. ఏది ఎక్కువైతే అది.

ఇక్కడే మన సొంత అలవాటు మన మెడకు చుట్టుకుంటుంది. ఎకరా పాతిక లక్షలకు కొని, స్టాంపు ఖర్చు మిగులుతుందని దస్తావేజులో పది లక్షలు రాయిస్తాం. రేపు రోడ్డు వచ్చినప్పుడు అధికారి చూసేది ఆ పది లక్షలనే. ఉదాహరణకు గుణకం ఒకటే అనుకున్నా, పది లక్షల కాగితానికి సొలేషియంతో ఇరవై లక్షలు వస్తుంది, పాతిక లక్షల కాగితానికి యాభై లక్షలు వస్తుంది. అమ్మిన పక్కోడు తక్కువ రాయించుకున్నా దెబ్బ మనకు కూడా తగులుతుంది.

పరిహారం తక్కువ అనిపిస్తే ఆర్బిట్రేటరు దగ్గరికి పోవచ్చు. పోరాడితే వచ్చిందనడానికి ఉదాహరణ కూడా ఉంది. 1997 నుంచి 2014 చివరి దాకా జాతీయ రహదారులకు భూమి ఇచ్చినోళ్ళకు సొలేషియం ఇవ్వలేదు. అది తప్పు, వాళ్ళకూ సొలేషియం, వడ్డీ ఇవ్వాలి అని 2019లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇంకొకటి, నీళ్ళు. బైపాస్ కోసం మట్టి కట్ట పోస్తారు. వంక ఎక్కడ పారుతుందో, చెరువుకు నీళ్ళు ఎటు నుంచి వస్తాయో ఊరి పెద్దోళ్ళకు తెలిసినంత మ్యాపుకు తెలియదు. మన బాహుదా నీళ్ళే పింఛాతో కలిసి చెయ్యేరు అవుతాయి. ఆ చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021 నవంబరులో ఎట్ల తెగిందో చూశాం. నీళ్ళకు దారి చిన్నదైతే అది సొంత దారి చేసుకుంటుంది.

వినతిపత్రంలో ఏం రాయాలి?

నిధులు మంజూరు చేయండి అనే ఒక్క వాక్యంతో వినతిపత్రం ముగించకండి. ఇవి కూడా రాయండి.

ఒకటి, బైపాస్ నుంచి టమోటా మార్కెట్‌కు, కుప్పంలో గ్రానైటు దారులకు నేరుగా లింకు రోడ్డు.

రెండు, మొదటి రోజు నుంచే సర్వీసు రోడ్డు. ట్రాక్టరు, ఎద్దుల బండి, గొర్రెల మంద అవతలి చేనికి పోను అండర్‌పాస్.

మూడు, వంకలకు, చెరువు కాలవలకు సరిపడా కల్వర్టులు. గీత ఖాయం చేసేముందు ఆయకట్టు రైతులతో కలిసి నడిచి చూడాలి.

నాలుగు, భూమి ఖర్చులో రాష్ట్రం వాటా ఎంతో ముందే తేల్చాలి. హైదరాబాదు రీజినల్ రింగ్ రోడ్డుకు భూమి ఖర్చులో సగం రాష్ట్రాన్ని పెట్టుకోమన్నారు. ఇద్దరి మధ్య ఆ లెక్క తేలేదాకా రైతు భూమి అమ్ముకోలేడు, దాని మీద అప్పూ పుట్టదు.

ఐదు, ఊర్లోని పాత రోడ్డు. బైపాస్ వచ్చాక దాని బరువు రాష్ట్రం మీద, మునిసిపాలిటీ మీద పడుతుంది. అప్పగించేముందు కేంద్రం ఒకసారి పూర్తిగా బాగు చేసి ఇవ్వాలి.

1871లో శిస్తు మీద సెస్సు కట్టిన రైతును ఎవరూ రోడ్డు ఎటు పోవాలని అడగలేదు. ఇప్పుడు అడగకపోయినా చెప్పడానికి గ్రామసభ ఉంది, 21 రోజుల గడువు ఉంది, చట్టం ఉంది. మీ ఊరి పక్కన సర్వే రాళ్ళు కనిపిస్తే ముందు తహశీల్దారు ఆఫీసుకు పోయి గీత ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుందో కాగితం అడగండి. మీ పాసుపుస్తకం, అడంగల్, బోరు, చెట్ల వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. కౌలు చేసుకునే అన్నలు సాగు చేస్తున్నట్టు చూపించే కాగితం ఏదైనా సరే దగ్గర పెట్టుకోండి. బైపాస్ రావాలి, త్వరగా రావాలి. వచ్చిన రోజు ఊరూ, చేనూ రెండూ బాగుండాలి.